హిమసీమలో ఆకాశవాణి

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో రెండవనాటి సభయందు ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బదియైదేండ్ల పాఠశాల చరిత్రను నిన్నటి సభలో పెద్దలు సవివరంగా చెప్పారు. మగ్గాలను నమ్ముకొని షోలాపురం చేరిన మన పూర్వులు, బిడ్డలు తెలుగు మరువరాదని రూపాయి రూపాయి కూడబెట్టి ఈ గోడలు లేపిన వైనాన్ని మనమంతా విన్నాము. దానిని నేను మరల చెప్పబోను. నేను భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయినిని. కాబట్టి శాస్త్ర విషయమొకటి మీ ముందుంచుతాను. అది ఈ పండుగకు సంబంధం లేనిదిగా మొదట కనిపించవచ్చు. దయచేసి కొంత ఓపిక పట్టండి.

ఇటీవల తొమ్మిదవ తరగతిలో అంటార్కిటికా ఖండాన్ని గురించి చెబుతున్నాను. ఏడాదిలో ఎక్కువ నెలలు ఓడలు చేరలేని చోటు, నెలల తరబడి సూర్యుడు కనిపించని చోటు అని చెప్పగానే ఒక బాలిక లేచి, "టీచర్‌గారూ, అక్కడ ఎవరికైనా జబ్బు చేస్తే వాళ్ల అమ్మకు ఎట్లా తెలుస్తుంది?" అని అడిగింది. ఖండం వైశాల్యమెంత, మంచు మందమెంత అని అడుగుతుందనుకున్నాను. ఆమె అడిగినది అమ్మకు ఎట్లా తెలుస్తుందని. ఆ ప్రశ్నకు సమాధానమే ఈనాటి నా ప్రసంగం.

వంద ఏండ్ల క్రితం దానికి సమాధానం ఒక్కటే. తెలియదు. 1911 డిసెంబరు 14న నార్వే దేశీయుడు అముండ్సెన్ దక్షిణ ధ్రువాన్ని చేరాడు. మానవజాతిలో ఎవరూ అంతకుముందు చేరని చోటు అది. అయినా ఆ వార్త లోకానికి తెలిసినది 1912 మార్చి 7న, ఆయన ఓడ ఆస్ట్రేలియాలోని హోబర్టు రేవును చేరి, అక్కడి నుండి తంతి పంపిన తరువాతనే. ఆయన వెనుక నెలరోజులకు ధ్రువాన్ని చేరిన ఇంగ్లండు దేశీయుడు స్కాట్, తిరుగు ప్రయాణంలో 1912 మార్చిలో తన సహచరులతోపాటు మరణించాడు. ఆయన మరణవార్త లోకానికి చేరినది 1913 ఫిబ్రవరిలో. అంటే దాదాపు పదకొండు నెలలు! ఆయన భార్య భర్తను కలుసుకొనుటకు ఓడలో ప్రయాణిస్తుండగా నడిసముద్రంలో ఆ వార్త విన్నది. ఆ సముద్రంపై ఓడకు వైర్‌లెస్ ఉన్నది. ఆయన ఉన్న మంచుమీద లేదు.

అంటార్కిటికాకు వైర్‌లెస్‌ను మొట్టమొదట తీసికొనిపోయినవాడు ఆస్ట్రేలియా భూగర్భ శాస్త్రవేత్త డగ్లస్ మాసన్. ఆయన యాత్ర 1911లో బయలుదేరినది. ఖండపు ఒడ్డున కేప్ డెనిసన్ అనే చోట ఆయన స్థావరం. అక్కడి నుండి ఆస్ట్రేలియాకు నేరుగా మాట పంపగల శక్తి ఆనాటి యంత్రాలకు లేదు. అందువలన నడిమధ్య మకారీ దీవిలో ఒక గుట్టపై రెండవ కేంద్రాన్ని నెలకొల్పారు. మంచు స్థావరం దీవితో, దీవి ఆస్ట్రేలియాతో మాట్లాడవలెనని ఏర్పాటు. ఊరిబావి దగ్గర బిందెలు చేతులు మారినట్లు మాట చేతులు మారవలెను.

కాని మాసన్ ఎంచుకొన్న చోటు సముద్రమట్టాన లోకంలోకెల్లా గాలి అతి తీవ్రంగా వీచే చోట్లలో ఒకటి. అక్కడ ఏడాది పొడుగునా గాలి సగటు వేగం గంటకు సుమారు 70 కిలోమీటర్లు! మన ఊళ్లో అట్టి గాలి ఒక్క పూట వీస్తే రేకులు ఎగిరిపోతాయి. అటువంటి గాలిలో ఎత్తైన కొయ్య స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య తీగలు కట్టవలసి వచ్చినది. నెలలు కష్టపడి నిలబెట్టిన స్తంభం 1912 అక్టోబరులో కూలిపోయినది. పడకముందు కొద్దిరోజులు వారు రాత్రివేళల్లో సందేశాలు పంపారు. జవాబు ఒక్కటీ రాలేదు. ఎవరూ వినలేదనే అనుకొన్నారు. కాని మకారీ దీవిలోని వారు వాటిలో కొన్నింటిని విన్నారు. జవాబు కూడా పంపారు. ఆ జవాబు మంచు స్థావరంలో వినబడలేదు, అంతే. ఈ ముక్కను గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. చివర మరల దీని దగ్గరకు వస్తాను.

ఆ వేసవిలో మాసన్ ఇద్దరు సహచరులతో కుక్కబండ్లపై లోపలికి పోయాడు. నిన్నిస్ మంచు పగులులో పడిపోయాడు. మెర్ట్‌జ్ దారిలో జబ్బుపడి చనిపోయాడు. మాసన్ ఒక్కడే ఈడ్చుకొంటూ 1913 ఫిబ్రవరి 8న స్థావరాన్ని చేరేసరికి, ఓడ అప్పుడే బయలుదేరి దూరంగా కనుమరుగవుతున్నది! ఆయన కోసం స్థావరంలో ఆరుగురు నిలిచిపోయారు. వారు వెంటనే వైర్‌లెస్‌లో ఓడను వెనుకకు పిలిచారు. ఆ ఓడకు వినే యంత్రమే తప్ప పలికే యంత్రం లేదు. అయినా విన్నది, తిరిగి వచ్చినది. కాని గాలి తీవ్రతకు పడవ దింపలేకపోయింది. వేరొక చోట ఎదురుచూస్తున్న మరొక బృందాన్ని రక్షించవలసి ఉన్నందున వెళ్లిపోయినది. మాసన్ మరొక ఏడాది అక్కడే ఉండిపోయాడు. అయితే ఈసారి స్తంభం మరల నిలిచినది, మకారీ దీవితో రాకపోకల సంభాషణ సాధ్యమైనది. నిన్నిస్, మెర్ట్‌జ్ ఇండ్లకు విషాదవార్త, మాసన్ పెండ్లాడబోయే యువతికి క్షేమవార్త ఆ తీగల మీదనే పోయినవి. అమ్మకు ఎట్లా తెలుస్తుందని అడిగిన నా విద్యార్థినికి ఇది మొదటి సమాధానం.

ఆ వార్తల వెనుక ఒక మనిషి ఉన్నాడు. జెఫ్రీస్ అనే యువ వైర్‌లెస్ ఉద్యోగి. గాలి హోరులో, తీగలపై మంచుపొడి రాచుకొని పుట్టే విద్యుత్తు గరగరలలో, రాత్రంతా చెవులకు యంత్రం తగిలించుకొని సన్నని చుక్కలను, గీతలను ఏరుకొనేవాడు. ఆ చలికాలంలో ఆయన మనస్సు చెదిరినది. యంత్రాలు చూచే బికర్టన్ మోర్సు సంకేతాలు నేర్చుకొని ఆ పని అందుకోవలసి వచ్చినది. ఇతరుల మాటను అహోరాత్రములు వినేవాడి మాటను కూడా ఎవరో ఒకరు వినవలెనని ఆనాడు ఎవరికి తోచినది?

ఇక మాట అంతదూరం ఎట్లా పోతుందో పిల్లలకు చెప్పవలెను. నా చిన్నతనంలో మా ఇంట్లో పాత రేడియో ఒకటి ఉండేది. పగలంతా నాన్నగారు సాంచెల మీద పనిలో ఉండేవారు. రాత్రి భోజనాలయ్యాక హైదరాబాదు కేంద్రం కోసం మీట తిప్పేవారు. పగలు తిప్పితే గరగరే ఎక్కువ. పొద్దుగూకిన తరువాత తెలుగు మాట స్పష్టంగా వచ్చేది, మరల అలవలె తగ్గేది, మరల పెరిగేది. అమ్మ బీడీలు చుడుతూనే, "మాట్లాడకండి, వస్తున్నది" అనేది. రాత్రి మాత్రమే ఎందుకు బాగా వస్తుందని నేనడిగితే, "రాత్రి లోకం సద్దుమణుగుతుంది కదమ్మా" అన్నారు నాన్నగారు. శాస్త్రరీత్యా అది సరికాకపోయినా, ఆ మాట నాకు నేటికీ ప్రియమైనదే.

నిజానికి జరిగేది ఇది. భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుండి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తు వరకు గాలి అణువులు సూర్యకిరణాల తాకిడికి విద్యుదావేశం పొంది ఉంటాయి. దానిని అయనావరణమంటాము. 1924లో ఇంగ్లండులో ఆపిల్టన్ ప్రయోగపూర్వకంగా దాని ఉనికిని నిరూపించాడు. కలకత్తాలో ఆచార్య శిశిర్ కుమార్ మిత్ర దానిపై జీవితకాలం పరిశోధన చేశారు. పగటిపూట అందులోని కింది పొర మధ్యతరంగాలను మింగివేస్తుంది. సూర్యుడు అస్తమించగానే ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు పై పొరను తాకి అద్దం మీది వెలుగువలె వెనుకకు మరలి, దూరపు ఊళ్లలో దిగుతాయి. హైదరాబాదు మాట ఆకాశాన్ని తాకి మా వాకిట్లో దిగేది. షార్ట్‌వేవ్ తరంగాలైతే ఆకాశానికీ నేలకూ మధ్య పలుమార్లు ఎగిరిపడుతూ భూగోళాన్నే చుట్టిరాగలవు.

1930 జనవరి 12న ఇది అద్భుతంగా రుజువైనది. ఉత్తర ధ్రువానికి చేరువలోని ఫ్రాంజ్ జోసెఫ్ దీవులలో రష్యన్ కేంద్రం ఒకటి ఉండేది. అక్కడి రేడియో ఉద్యోగి ఎర్నెస్ట్ క్రెంకెల్ పిలిచిన పిలుపుకు, అంటార్కిటికాలో అమెరికా దేశీయుడు బర్డ్ నెలకొల్పిన లిటిల్ అమెరికా స్థావరం బదులు పలికినది! మధ్య దూరం సుమారు 20,000 కిలోమీటర్లు. భూమిపై అంతకంటె దూరం దాదాపు లేదు. ఒకచోట చలికాలపు చీకటి, మరొకచోట అస్తమించని సూర్యుడు. ఇద్దరూ మంచులోనే ఉన్నారు.

అయితే ధ్రువాల వద్ద ఈ ఆకాశపు అద్దం నమ్మదగినది కాదు. సూర్యునిలో విస్ఫోటాలు జరిగినప్పుడు వెలువడే విద్యుత్కణాలను భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల వైపు మళ్లిస్తుంది. వాటివల్లనే ఆకాశంలో పచ్చని, ఎఱ్ఱని ధ్రువజ్యోతులు కనిపిస్తాయి. ఆ వేడుకకు వెల ఉన్నది. పెద్ద విస్ఫోటమైతే ధ్రువాలపై కింది పొర చిక్కబడి షార్ట్‌వేవ్ తరంగాలను మొత్తంగా మింగివేస్తుంది. గంటలు కాదు, ఒక్కొక్కసారి రోజుల తరబడి మాట నిలిచిపోతుంది. యంత్రంలో లోపం లేదు, మనిషిలో లోపం లేదు. ఆకాశమే మూగపోతుంది. అప్పుడు రేడియో ఉద్యోగి చేయగలిగినది ఒక్కటే. నిర్ణీతమైన వేళకు కూర్చొని, పిలిచి, విని, మరునాడు మరల పిలవడం.

విద్యార్థులారా, పెద్ద యంత్రాలున్నవారే వినగలరని అనుకోకండి. 1928 మే 25న ఇటలీ దేశానికి చెందిన ఇటాలియా అనే గగననౌక ఉత్తర ధ్రువం నుండి తిరిగివస్తూ మంచుపై కూలినది. బతికినవారి దగ్గర చిన్న అత్యవసర రేడియో మిగిలినది. బియాజీ అనే ఉద్యోగి విరిగిన ముక్కలతో స్తంభం కట్టి రోజూ సాయం కోరుతూ పిలిచాడు. వారి సొంత సహాయనౌక దగ్గరలోనే ఉన్నా దానికి వినబడలేదు. తొమ్మిది రోజుల తరువాత, జూన్ 3న, రష్యాలో వోజ్నెసెన్యె వోఖ్మా అనే మారుమూల పల్లెలో నికొలాయ్ ష్మిత్ అనే యువకుడు, తాను చేతితో కూర్చుకొన్న రేడియోలో ఆ పిలుపును విన్నాడు. వెంటనే మాస్కోకు తెలిపాడు. ఆ తరువాతనే వెదకులాట సరైన దారిన పడినది. చివరికి జూలై 12న క్రాసిన్ అనే మంచునౌక మిగిలినవారిని రక్షించినది. అందరూ వెదకుతున్నారు, పల్లెటూరి యువకుడు విన్నాడు.

ఇప్పుడు నా మనస్సుకు చాలా దగ్గరైన సంఘటనకు వస్తున్నాను. బర్డ్ రెండవ యాత్రలో, 1934 మార్చి చివర, లిటిల్ అమెరికాకు దక్షిణంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో మంచులో పాతిన చిన్న గదిలో ఒంటరిగా వాతావరణ పరిశీలనకు ఉండిపోయాడు. వారానికి మూడుమార్లు రేడియోలో మాట్లాడాలని ఏర్పాటు. స్థావరంలోని వారి కంఠం ఆయనకు వినిపించేది. ఆయన మాత్రం మోర్సు మీటతోనే బదులివ్వవలెను. అందులో ఆయనకు ప్రావీణ్యం తక్కువ.

గదిలోని పొయ్యి, రేడియోకు కరెంటునిచ్చే పెట్రోలు యంత్రం, రెండూ విషవాయువును వదిలేవి. పొగగొట్టాలు మంచుతో పూడుకొనిపోయేవి. మే 31న రేడియోలో మాట్లాడుతుండగా యంత్రం తడబడినది. దానిని చూడబోయి బర్డ్ విషవాయువుకు కుప్పకూలాడు. ప్రాణం పోలేదు కాని మంచాన పడ్డాడు. చిత్రమేమంటే, మాట చేరవేసే యంత్రమే ఆయన ప్రాణం తీయబోయినది. ఆ మాట స్థావరానికి తెలిస్తే, కటికచీకటిలో తన కోసం బయలుదేరి కుర్రవాళ్లు ప్రాణాలు పోగొట్టుకొంటారని భయపడి, బాగున్నాననే కబురు పంపేవాడు.

మాటలు బాగున్నవి. కాని మీట నొక్కే చేయి అబద్ధమాడలేదు. చుక్కలు తప్పుతున్నవి, గీతలు వణుకుతున్నవి, పదాల మధ్య విరామాలు పెరుగుతున్నవి. అవతల వింటున్నవారు వార్తను మాత్రమే వినలేదు, చేతిని కూడా విన్నారు. ఏదో జరిగినదని అనుమానించారు. పౌల్టర్, డెమాస్, వెయిట్ అనే ముగ్గురు బయలుదేరి, రెండుమార్లు వెనుదిరిగి, మూడవ ప్రయత్నంలో ఆగస్టులో ఆ గదిని చేరారు. అప్పటికి ఆయన ఎముకల గూడుగా మిగిలాడు. అక్టోబరులో గాని విమానమెక్కే బలం రాలేదు. ఆ ముగ్గురిలోని వెయిట్ రేడియో నిపుణుడు. తరువాతి కాలంలో రేడియో తరంగాలు మంచులోనికి చొచ్చుకొనిపోతాయని గుర్తించి, వాటితో మంచు మందాన్ని కొలవవచ్చునని చూపినవాడు ఆయనే.

అయ్యా, అమ్మా, ఇక్కడ నేనొక విషయం ఒప్పుకోవలసి ఉన్నది. నేను ఈ పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరిన తొలి సంవత్సరాలలో తొమ్మిదవ తరగతిలో ఒక బాలిక ఉండేది. ముత్యాల వంటి దస్తూరి. ఆ ఏడు వర్షాకాలం తరువాత ఆమె నోటుపుస్తకంలో అక్షరాలు మారసాగినవి. పంక్తులు కిందికి జారేవి, వాక్యాలు సగంలో ఆగేవి, కొమ్ములు, గుడులు తప్పేవి. నేను ఎఱ్ఱసిరాతో "దస్తూరి బాగుపరచుకో" అని రాశాను. ఒకసారి కాదు, మూడుసార్లు రాశాను. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగితే, "బాగున్నారు టీచర్‌గారూ" అనేది. ఆ మాటను నేను నమ్మాను. దసరా సెలవుల తరువాత ఆమె బడికి రాలేదు. పదిరోజులకు నేను ఇంటికి పోయి చూస్తే తాళం. తల్లి నాలుగు నెలలుగా మంచాన ఉన్నదనీ, ఆ పిల్లయే తెల్లవారుజాము దాకా తల్లి వంతు బీడీలు చుట్టేదనీ, చివరికి అందరూ ఊరు విడిచిపోయారనీ పొరుగువారు చెప్పారు.

మూడుసార్లు సంకేతం వచ్చినది. నేను దానికి మార్కులు తగ్గించాను.

చాలా ఏండ్ల తరువాత బర్డ్ వృత్తాంతం చదివినప్పుడు ఆ పుస్తకాన్ని మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. లిటిల్ అమెరికాలోని రేడియో ఉద్యోగులకు 200 కిలోమీటర్ల దూరం నుండి వినిపించినది, నాకు నా బల్లమీద కనిపించలేదు. ఈ పాఠశాల గొప్పలు చెప్పుకొనే పండుగలో ఈ మాట ఎందుకని కొందరనవచ్చు. గొప్పలతోపాటు ఇది కూడా మన చరిత్రలో ఉండవలెనని నా కోరిక.

మరల మంచుసీమకు పోదాము. 1957-58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం పేర పన్నెండు దేశాలు అంటార్కిటికాలో కేంద్రాలు నెలకొల్పినవి. సరిగ్గా దక్షిణ ధ్రువం మీద 1957లో పద్దెనిమిదిమంది అమెరికనులు తొలిసారి శీతాకాలం గడిపారు. వారికి ఇంటి కంఠం వినిపించినదెవరో తెలుసునా? పెద్ద సంస్థలు కావు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని క్లార్క్ అనే ఊరిలో జూల్స్ మేడీ అనే పాఠశాల విద్యార్థి. అతని తమ్ముడు జాన్ అతనికి తోడు. పెరట్లో ఎత్తైన స్తంభం నిలిపి, ఔత్సాహిక రేడియో యంత్రంతో రాత్రివేళ అంటార్కిటికా కేంద్రాలను అందుకొని, ఆ మాటను ఇంటి టెలిఫోనుకు కలిపి, అక్కడివారి భార్యాబిడ్డలతో, తల్లిదండ్రులతో మాట్లాడించేవారు. ఆ విధంగా వేల సంభాషణలు నడిపించారు. జూల్స్ పేర అంటార్కిటికాలో ఒక కొండగట్టుకు మేడీ రిడ్జ్ అని నామకరణం చేశారు. జాన్ పెద్దవాడై భౌతికశాస్త్రవేత్తగా కొత్తరకం లేసరును కనుగొన్నాడు. రాత్రి మేలుకొని ఇతరుల అమ్మలను పిలిచిన పిల్లలు వారు!

ఇప్పుడు ఉపగ్రహాల కాలం. అయినా ధ్రువం కష్టం ధ్రువానిదే. మనం టీవీకి వాడే ఉపగ్రహాలు భూమధ్యరేఖకు ఎగువన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో నిలకడగా ఉంటాయి. 81 డిగ్రీల అక్షాంశం దాటితే భూమి వంపు అడ్డమై అవి కంటికి ఆనవు. కాబట్టి దక్షిణ ధ్రువ కేంద్రం ఏం చేసినదో వినండి. ముసలివైన ఉపగ్రహాలలో ఇంధనం తరిగి, వాటిని నిలకడగా ఉంచడం మానివేసినప్పుడు, అవి తమ దారి నుండి కొద్దికొద్దిగా పక్కకు ఒరుగుతాయి. ఇతరులకు అవి పనికిరావు. కాని అట్లా ఒరిగినందువల్లనే రోజుకు కొన్ని గంటలపాటు ధ్రువానికి కనిపిస్తాయి! 1978లో వాతావరణ పరిశీలనకు పంపిన గోస్-3 అనే ఉపగ్రహం, ఆ పని నుండి విరమించిన తరువాత, 1995 నుండి 2016 వరకు దక్షిణ ధ్రువవాసుల మాటను మోసినది. ఈ సభలో ముందు వరుసలో కూర్చున్న విశ్రాంత ఉపాధ్యాయులకు ఈ సంగతి ప్రత్యేకంగా విన్నవిస్తున్నాను.

నా విద్యార్థిని అడిగిన జబ్బు ప్రశ్నకు 1999లో నిజమైన పరీక్ష వచ్చినది. ధ్రువ కేంద్రంలో ఏకైక వైద్యురాలు జెర్రీ నీల్సన్. నడి చలికాలంలో ఆమె తన రొమ్ములోనే గడ్డను గుర్తించినది. విమానం దిగే వీలు లేదు. ఉపగ్రహం కనిపించే ఆ కొద్ది గంటలలో అమెరికాలోని వైద్యులతో సంప్రదించి, వైద్యం తెలియని సహచరుల సాయంతో తానే గడ్డనుండి నమూనా తీసికొని, చిత్రాలను పంపినది. జూలైలో చీకటిలో విమానం నుండి మందులు జారవిడిచారు. అక్టోబరులో ఆమెను బయటకు తీసికొనివచ్చారు. ఆ తరువాత ఆమె పదేండ్లు జీవించినది. ఇప్పుడు ధ్రువాల మీదుగా తిరిగే ఇరిడియం వంటి ఉపగ్రహాల వలన ఎక్కడినుండైనా ఫోనులో మాట్లాడవచ్చును. అయినప్పటికీ ఆకాశం ఉపగ్రహాలను కప్పివేసే సందర్భాలకోసం, బయట మంచుపై తిరిగే బృందాలకోసం, పాత షార్ట్‌వేవ్ యంత్రాన్ని ధ్రువ కేంద్రాలవారు పారవేయలేదు.

మన దేశం సంగతి చెప్పకుండా ముగించలేను. ఆచార్య ఖాసిం నాయకత్వంలో 21 మంది భారతీయులు 1981 డిసెంబరులో గోవా నుండి బయలుదేరి 1982 జనవరి 9న అంటార్కిటికాపై కాలుమోపారు. 1983-84లో మూడవ యాత్ర దక్షిణ గంగోత్రి కేంద్రాన్ని నిర్మించినది. ఆ యాత్రా నాయకుడు హర్ష్ గుప్తా ఆ తరువాత హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు సంచాలకులైనారు. సుదీప్త సేన్‌గుప్తా, అదితి పంత్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు ఆ యాత్రలో ఉన్నారు. దక్షిణ గంగోత్రి మంచులో కూరుకుపోగా, 1989లో మైత్రి, 2012లో భారతి కేంద్రాలు వెలసినవి.

భారతి కేంద్రంలో 2013 నుండి మన అంతరిక్ష సంస్థవారి భూకేంద్రం పనిచేస్తున్నది. భూమిని ఫోటోలు తీసే మన ఉపగ్రహాలు రోజుకు సుమారు పద్నాలుగు మార్లు ధ్రువాల చేరువగా తిరుగుతాయి. హైదరాబాదుకు కనిపించేది కొద్ది మార్లే. భారతికి కనిపించేది చాలా మార్లు. భారతి పట్టిన సమాచారం మరొక ఉపగ్రహం మీదుగా హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్‌కు చేరుతుంది. మన పూర్వులు బయలుదేరిన తెలుగు నేలకూ, అంటార్కిటికా మంచుకూ ఈనాడు తెగని తీగ ఉన్నది! అమ్మాయిలూ, ఈ మాట మీకు. ఆ భూకేంద్రాన్ని నడుపుటకు 2016 నవంబరులో మన అంతరిక్ష సంస్థకు చెందిన మంగళా మణి వెళ్లారు. అప్పటికామె వయస్సు 56 ఏండ్లు. అంతకుముందు ఆమె మంచు కురియడమే చూచి ఎరుగరు. 23 మంది బృందంలో ఒకే ఒక మహిళగా 403 దినములు అక్కడ గడిపి వచ్చారు. ఆమె చేసిన పని ఏమిటి? ఆకాశంలో పోయే ప్రతి ఉపగ్రహపు మాటను, వేళ తప్పకుండా, వినడం. యాభై దాటిన నావంటివారికి ఇంతకుమించిన ధైర్యవచనం అక్కరలేదు.

ఇక ముగిస్తాను. ఈ మరాఠీ నేల మనలను ఆదరించినది; మనకు అన్నం పెట్టినది. ఆ భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలెను, నేరుస్తున్నారు. దానితోపాటు ఇంటి భాష తీగ తెగకుండా చూచుటకే ఈ పాఠశాల పుట్టినది. ఈనాడు ఒకటవ తరగతి పిల్లలందరూ రెండు బల్లలపై సరిపోతున్నారు. ఈ సంగతి మీకు తెలుసు, నాకూ తెలుసు, పండుగ గనుక ఎవరూ చెప్పలేదు. మన సంకేతం సన్నగిల్లుతున్నది. దానికి నిందించవలసినవారెవరూ లేరు. ఆకాశం మారినది. నిర్ణీతమైన వేళకు కూర్చొని పిలవడం మాత్రం మన చేతిలో ఉన్నది.

తల్లిదండ్రులకు నా విన్నపం. రోజుకొక అరగంట బిడ్డతో తెలుగులో మాట్లాడండి. అంతకంటె ముఖ్యంగా, బిడ్డ మాటను వినండి. సహోపాధ్యాయులకు నా విన్నపం. నోటుపుస్తకంలో తప్పులు దిద్దేటప్పుడు చేతిని కూడా చదవండి. దస్తూరి మారితే ఎఱ్ఱసిరా మూసి, ఆ సాయంత్రమే ఆ ఇంటికి పోదాము, నేనూ మీతో వస్తాను. పూర్వ విద్యార్థులకు నా విన్నపం. మీరు పూణేలో ఉన్నా, దుబాయిలో ఉన్నా, నెలకొక్కసారి మన తరగతిగదికి ఫోను చేసి ఒక పిల్లవాడితో ఐదు నిమిషాలు తెలుగులో మాట్లాడండి. మేడీ సోదరులు అంతకంటె కష్టమైన పని చేశారు.

మాసన్ మనుషులు 1912లో చీకటిలోనికి సందేశాలు పంపి, ఎవరూ వినలేదనుకొన్నారని చెప్పాను. విన్నవారున్నారు. నా ప్రసంగం ఈ సంచికలో అచ్చవుతుందని కార్యవర్గంవారు చెప్పారు. ముత్యాల దస్తూరి గల ఆ బాలిక ఇప్పుడు ఎక్కడున్నదో నాకు తెలియదు. ఆమెకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఈ పుస్తకం ఏ ఊరిలోనైనా ఆమె చేతికి చేరితే, ఆనాడు వినని టీచరు ఈనాడు వింటున్నదని తెలుసుకోవలెను. జవాబు రాకపోయినా పిలుస్తూనే ఉంటాను.